థాయ్‌లాండ్‌లో ఆఫీసు ఔటింగులు: అమెరికా నుంచి వచ్చినవాళ్ళు వెళ్ళాలా, తప్పించుకోవాలా

ఫ్రిస్కో_టు_బ్యాంకాక్:
అందరికీ నమస్తే. టెక్సాస్‌లో చాలా ఏళ్ళు ఉండి, సిటిజన్‌షిప్ కూడా అక్కడే తీసుకుని, ఇప్పుడు కంపెనీ పంపిస్తే బ్యాంకాక్‌లో ఉంటున్నాను. పాస్‌పోర్ట్ అమెరికాది, మాటా తిండీ మనవి. ఇక్కడ వీసాల గురించీ కాండో అద్దెల గురించీ బోలెడు పోస్టులున్నాయి గానీ ఆఫీసు వాళ్ళతో కలిసి ఊళ్ళు తిరగడం గురించి ఎవరూ పెద్దగా రాయలేదు, నిజానికి ఇక్కడ ఉద్యోగంలో కుదురుకోడానికి నాకు అన్నిటికన్నా పనికొచ్చింది అదే.

అమెరికాలో టీం ఔటింగ్ అంటే గురువారం మధ్యాహ్నం బౌలింగ్, ఒక బర్గర్, ఐదున్నరకల్లా ఎవరి కారు వాళ్ళది. ఇక్కడ శనివారం తెల్లారుజామున ఆఫీసు ముందు బస్సు రెడీగా ఉంటది, ఎండీ దగ్గర్నుంచి టీ కప్పులు కడిగే ఆవిడ దాకా అందరికీ ఒకే రంగు టీషర్టు, బస్సు హైవే ఎక్కకముందే మైకు చేతులు మారుతుంటది, రెండు రోజులు ఒక రాత్రి. ఎక్కడికెళ్ళినా ముందు కంపెనీ పేరున్న ఫ్లెక్సీ పట్టుకుని గ్రూప్ ఫోటో.

మా టీంలో ఇంకో అమెరికన్ ఉన్నాడు, ఒహాయో ఆయన. చాలా మంచివాడు, పనిలో పులి. వీకెండ్ నా పిల్లలది అని మర్యాదగానే చెప్పి ఔటింగులకి రావట్లేదు. ఎవరూ ఒక్క మాట కూడా అనలేదు. కానీ ఏదైనా షిప్‌మెంట్ లేటయ్యేలా ఉంటే నాకు రెండ్రోజుల ముందే లైన్ యాప్‌లో మెసేజ్ వస్తది, ఆయనకి మీటింగ్‌లో తెలుస్తది. ఆయన దీన్ని కక్ష అనుకుంటున్నాడు. కక్ష కాదు, వాళ్ళకి ఆయన ఇంకా తెలియని మనిషి, అంతే.

వచ్చే నెల కాంచనబురి వెళ్తున్నాం, నది మీద తెప్ప ఇళ్ళలో మకాం. నేను శాకాహారిని, గుడ్డు తింటాను. తిండి ఎలా నెట్టుకురావాలి, ఒహాయో ఆయన్ని ఎలా కదిలించాలి, అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

చోన్‌బురి_శీను:
అన్నా నువ్వు చెప్పింది అక్షరాలా నిజం, నేను ఇక్కడ ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ చూస్తాను, ఒక కన్వేయర్ పార్టు కోసం స్టోర్స్ వాళ్ళకి మెయిల్ మీద మెయిల్ కొట్టినా కదలనిది రాయోంగ్ ఔటింగ్‌లో స్టోర్స్ ఆయన పక్కన కూర్చుని రొయ్యలు ఒలుచుకుంటూ అడిగితే సోమవారం పొద్దున బల్ల మీద ఉంది.

నాది ఒకటే మాట, బస్సు సంగతి చూస్కోండి. 2024 అక్టోబర్ 1న బ్యాంకాక్ శివార్లలో విభావది రంగ్‌సిత్ రోడ్డు మీద స్కూలు ట్రిప్పు బస్సు తగలబడి 23 మంది పోయారు, పిల్లలూ టీచర్లూ. గ్యాస్ మీద నడిచే బస్సు అది. అప్పట్నుంచీ నేను బస్సెక్కగానే ముందు ఎమర్జెన్సీ డోర్ ఎక్కడుందో, దాని ముందు కూలింగ్ బాక్సులూ బీరు కేసులూ పేర్చారేమో చూస్తా, పేర్చి ఉంటే నేనే తీసి పక్కన పెడతా, ఎవరూ ఏమనుకోరు. బెల్టు పెట్టుకోండి. కరియోకే ఊపులో అందరూ లేచి నడిబస్సులో డాన్స్ చేస్తారు, హైవే మీద నేను మాత్రం లేవను, కూర్చునే చప్పట్లు కొడతా.

ఇసాన్_టీచరమ్మ:
తిండి సంగతి నేను చెప్తా. ఖోన్ కేన్‌లో బడిలో పనిచేస్తున్నాను, ఇక్కడ ఏ సంతోషమొచ్చినా స్టాఫ్ అంతా పోలోమని మూకతాకి వెళ్తారు. తెలియని వాళ్ళ కోసం, నడిమధ్య బోర్లించిన గిన్నెలా ఉబ్బెత్తుగా ఉండే పెనం, చుట్టూ కందకంలా నీళ్ళు. ఉబ్బు మీద పంది మాంసం కాలుస్తారు, అంచున సూప్‌లో ఆకుకూరలూ సేమ్యా ఉడుకుతాయి. మొదటి పనే ఏంటంటే పంది కొవ్వు ముక్క తీసుకుని పెనమంతా రుద్దుతారు, అది కరిగి చుట్టూ ఉన్న సూప్‌లోకే జారుతుంది. కాబట్టి నేను కూరగాయలే తింటాలే అని అంచున వేసుకుంటే అది శాకాహారం కాదు. ముందే చెప్తే చాలా షాపుల్లో రెండో పొయ్యి ఇస్తారు, మొక్కజొన్న, పుట్టగొడుగులు, గుడ్డు, టోఫు, గాజు సేమ్యా, హాయిగా తినొచ్చు. మా స్టాఫ్‌లో ఇద్దరు పిల్లలు ఇప్పుడు నా పొయ్యి దగ్గరే కూర్చుంటున్నారు.

ఇంకోటి, 'జే' అని చెప్తే మాంసం, గుడ్డు, పాలే కాదు, వెల్లుల్లి ఉల్లి కూడా వెయ్యరు. గుడ్డు తినేవాళ్ళు 'మంగ్‌సవిరత్' అనాలి. అలా చెప్పినా నామ్ ప్లా, అంటే చేపల సాస్, దాన్ని మాంసం కింద లెక్కెయ్యనివాళ్ళు ఉంటారు, అది వద్దని విడిగా చెప్పండి. బొప్పాయి సలాడ్ సోమ్ తమ్‌లో ఎండు రొయ్యలు కూడా పడతాయి. మా ఇసాన్, అంటే ఈశాన్య థాయ్‌లాండ్ వైపైతే ప్లారా అని పులియబెట్టిన చేప, అది లేకపోతే వీళ్ళకి సోమ్ తమ్ సోమ్ తమ్మే కాదు, అందుకని అందరికీ ఒక ప్లేటు, మీకు ఒక ప్లేటు చెప్పించుకోండి. మొహమాటపడి ఒక్క ముక్కే కదా అని తిన్నారో, ఇక తింటారని ఫిక్సయిపోతారు.

మీరు బీఫ్ తినరంటే మాత్రం ఎవరూ ఆశ్చర్యపోరు. క్వాన్ ఇమ్ అమ్మవారిని కొలిచేవాళ్ళు బీఫ్ మానేస్తారు, అలాంటివాళ్ళు ప్రతి ఆఫీసులో ఒకరిద్దరు ఉంటారు.

డాలస్_రాజు:
నేను వేరేగా అనుకుంటున్నాను, కోప్పడకండి. వీకెండ్ రెండు రోజులు జీతం లేకుండా ఆఫీసు వాళ్ళతో ఉండమనడం ఏ దేశంలోనైనా తప్పే. ఒహాయో ఆయన చేసింది నూటికి నూరుపాళ్ళు కరెక్ట్. ఆయనకి చిన్నపిల్లలు ఉన్నారు, భార్యకి అక్కడ ఎవరూ తెలీదు, శనాదివారాలే కదా ఆమెకి మొగుడు దొరికేది. పని సమాచారం ఔటింగ్‌కి వచ్చినవాళ్ళకి ఒకలా రానివాళ్ళకి ఒకలా అందితే అది ఆ ఆఫీసు మేనేజ్‌మెంట్ లోపం, దాన్ని సంస్కృతి అని మనం వెనకేసుకురాకూడదు. తాగుడు సంగతి వేరే చెప్పాలా. మా దగ్గరైతే కంపెనీ పార్టీలో ఒకడు ఎక్కువ తాగి పడిపోతే రేపు లాయర్లు వస్తారని మనిషికి రెండే డ్రింక్ టికెట్లు ఇస్తారు.

సుఖుంవిత్_లక్ష్మి:
రాజు గారూ, నేను ఇక్కడ హెచ్‌ఆర్‌లోనే ఉన్నాను కాబట్టి చెప్తున్నా. మా దగ్గర రాకపోతే జీతం కొయ్యం, అప్రైజల్‌లో రాయం. పైగా ఎక్కడికెళ్ళాలో ఎండీ ఒక్కడే తేల్చేది కాదు. 50 మంది గానీ అంతకు పైన గానీ ఉన్న ప్రతి కంపెనీలో ఉద్యోగుల తరఫు వాళ్ళతో వెల్ఫేర్ కమిటీ ఉండాలని ఇక్కడి లేబర్ చట్టమే చెప్తుంది, మా ఆఫీసులో ఊరు, హోటలు, ఆటలు అన్నీ ఆ కమిటీయే ఓటింగ్ పెట్టి తేలుస్తుంది. ఏడాదంతా దీనికోసం ఎదురుచూసేవాళ్ళు ఎక్కువగా కింది స్థాయి వాళ్ళు, డ్రైవర్లు, ప్యాకింగ్ అమ్మాయిలు. వాళ్ళలో కొందరికి సముద్రం ఒడ్డున హోటల్ గది అంటే ఏడాదికి అదొక్కటే. విదేశీ మేనేజర్ రాలేదంటే పని ఎగ్గొట్టాడని కాదు, మనతో కూర్చోడానికి ఇష్టం లేదేమో అని వాళ్ళకి లోపల తగులుతుంది, ఆ మాట ఎప్పటికీ బయటికి అనరు.

పిల్లల విషయంలో మాత్రం మీతో ఏకీభవిస్తున్నా. అందుకే ఫ్యామిలీని తీసుకురావచ్చా అని అడగమనండి. చాలా చోట్ల తేడా డబ్బు కట్టుకుంటే ఒప్పుకుంటారు, థాయ్ వాళ్ళకి పిల్లలంటే ప్రాణం, దింపకుండా ఎత్తుకుంటారు. రెండు రోజులు కుదరకపోతే ఒక్కరోజుకి సొంత కార్లో వచ్చి భోంచేసి, ఫోటో దిగి, రాత్రి ఒక పాటయ్యాక వెళ్ళొచ్చు. అదేమీ చిన్నతనం కాదు.

మందు గురించి: గ్లాసులో ఐసు, సోడా పోసుకుని చేతిలో పట్టుకుంటే చాలు. పక్కన జూనియర్ ఎవరో ఒకరు ఐసు వేస్తూనే ఉంటారు, అందులో విస్కీ ఉందా లేదా అని ఎవరూ తొంగిచూడరు. నేను ఇన్నేళ్ళూ సోడాతోనే గడిపాను. ఒక్కటి మాత్రం అమెరికా నుంచి వచ్చేవాళ్ళకి గట్టిగా చెప్పండి, వేప్, అంటే ఈ-సిగరెట్, తేవద్దని. ఇక్కడ దాన్ని తేవడం, అమ్మడం నిషేధం, బీచ్‌లో పోలీసు ఆపితే ట్రిప్పంతా పాడు.

వరంగల్_పోరడు:
అన్నా మస్తు ముచ్చట్లు చెప్తున్నరు. నేను వచ్చే సంవత్సరం బ్యాంకాక్ వస్తున్న, పైసల సంగతి చెప్పున్రి. బిల్లు ఎవలు కడ్తరు? ఫారినర్లకు టికెట్ ఎక్కువ తీస్కుంటరట నిజమేనా?

ఫ్రిస్కో_టు_బ్యాంకాక్:
@వరంగల్_పోరడు తమ్ముడూ, కంపెనీ ఔటింగ్ అయితే బస్సు, గది, రాత్రి డిన్నర్ కంపెనీదే. విడిగా టీంగా వెళ్తే మాత్రం వయసులోనో హోదాలోనో పెద్దవాళ్ళు ఎక్కువ వేస్తారు. మేనేజర్‌వి అయ్యుండి నా వాటా ఎంత అని కాలిక్యులేటర్ తీస్తే బాగోదు. సమానంగా పంచుకునే పద్ధతిని వీళ్ళు 'అమెరికన్ షేర్' అనే అంటారు, తోటి వయసు స్నేహితుల్లో అది మామూలే, ఫోన్లో క్యూఆర్ స్కాన్ చేసి పంపేస్తారు. నేను చేసేది ఏంటంటే అందరితో పాటు వాటా వేసి, ఐస్‌క్రీమో పండ్లో దారిలో కాఫీలో నా తరఫున కొంటాను.

టికెట్ల సంగతి నిజమే. నేషనల్ పార్కుల్లో రెండు రేట్లు. ఖావో యాయ్‌లో థాయ్ వాళ్ళకి 40 బాత్, మనకి 400. కో సమెట్ ద్వీపంలో దిగితే మనకి 200. వర్క్ పర్మిట్ చూపిస్తే కొన్నిచోట్ల థాయ్ రేటే తీసుకుంటారు, కౌంటర్‌లో ఉన్నాయన ఇష్టం. ఖావో యాయ్‌లో మా ప్లానింగ్ అమ్మాయి నా తరఫున కౌంటర్‌లో బతిమాలి, వాళ్ళు ఒప్పుకోకపోతే మొహం చిన్నబుచ్చుకుని, తేడా డబ్బు గ్రూప్ ఫండ్‌లోంచి తీసి కట్టబోయింది. నేను వద్దని నా జేబులోంచే ఇచ్చాను గానీ, ఆ పిల్ల తన దేశం నాకు ఎక్కువ రేటు వేసిందని అంత ఇబ్బంది పడటం చూస్తే నాకే బాధేసింది.

గోదారి_గట్టు:
మీరు అమెరికన్ అని వచ్చారు, చూస్తే ఇండియన్. వాళ్ళు మిమ్మల్ని ఏ లెక్కలో చూస్తారు? ఊరికే తెలుసుకుందామని.

ఫ్రిస్కో_టు_బ్యాంకాక్:
@గోదారి_గట్టు మీటింగ్‌లో అమెరికన్‌ని, గుడికెళ్తే ఇండియన్‌ని. ఒకసారి ఛచోంగ్‌సావ్‌లో వాట్ సమాన్ రత్తనారామ్‌కి తీసుకెళ్ళారు. అక్కడ పక్కకి ఒరిగి పడుకున్న గులాబీ రంగు వినాయకుడు, 16 మీటర్ల ఎత్తు, 22 మీటర్ల పొడవు. మన ఖైరతాబాద్ లంబోదరుణ్ణి చూసి పెరిగినవాణ్ణే అయినా నోరు తెరిచాను. చుట్టూ రంగురంగుల ఎలుకల బొమ్మలు, పుట్టిన వారాన్ని బట్టి ఒక్కో రంగు. మన ఎలుక దగ్గరకెళ్ళి ఒక చెవి చేత్తో గట్టిగా మూసి, రెండో చెవిలో కోరిక చెప్పాలి, చెవి మూయకపోతే కోరిక అటునుంచి బయటికి పోతుందట. మెట్లెక్కితేగానీ చెవి అందదు. మా అకౌంట్స్ అక్క, యాభై దాటినావిడ, చెప్పులు విప్పి మెట్లెక్కి, కళ్ళు మూసుకుని, ఎంతసేపు చెప్పిందో. వెనక లైన్లో ఉన్న పదిమందీ కిక్కురుమనకుండా ఆగారు. దిగాక నా దగ్గరకొచ్చి, మీ దేవుడే కదా, ఇండియాలో కూడా ఎలుకకే చెప్తారా అని అడిగింది. మేము ఇంట్లో మట్టితో చేసి పత్రితో పూజించి నీళ్ళలో కలిపేస్తాం అని చెప్తే, ఫోన్లో ఫోటోలు చూపించమని బస్సులో ముగ్గురు నా చుట్టూ చేరారు. మా అమ్మ ఉండ్రాళ్ళు చేసే వీడియో ఆ రోజు బస్సు మొత్తం తిరిగింది. ఆ తర్వాత ఏ ఇన్వాయిస్ ఆగినా అక్క నాకే ముందు ఫోన్ చేస్తుంది.

గోదారి_గట్టు:
వినడానికే ఎంత బాగుందండీ. లోయ్ క్రతోంగ్‌కి కూడా ఆఫీసు వాళ్ళతో వెళ్తారా? మా రాజమండ్రిలో కార్తీక పౌర్ణమికి అరటి దొప్పల్లో దీపాలు వదులుతాం, అక్కడా ఆ పున్నమికే వదులుతారని విన్నాను.

ఇసాన్_టీచరమ్మ:
అవునండీ, వాళ్ళ పన్నెండో నెల పున్నమి చాలా ఏళ్ళు మన కార్తీక పున్నమితోనే కలుస్తుంది. ఇక్కడ అరటి బోదె అడ్డంగా కోసి, చుట్టూ అరటాకు మడతలు గుచ్చి, పూలు, అగరొత్తులు, కొవ్వొత్తి పెడతారు, కొంతమంది బిళ్ళ నాణెం కూడా. మా బడిలో మధ్యాహ్నం అందరం కూర్చుని చేసుకుని సాయంత్రం చెరువుకెళ్తాం. చేపలు తింటాయని బ్రెడ్‌తో చేసినవి కూడా అమ్ముతున్నారు.

మీరు సోంగ్‌క్రాన్, అంటే వీళ్ళ సంప్రదాయ కొత్త సంవత్సరం, అది మాత్రం వదులుకోవద్దు. ఏప్రిల్ 13 నుంచి 15. రోడ్డు మీద నీళ్ళ తుపాకులే అందరికీ తెలుసు, 2023లో యునెస్కో జాబితాలోకి కూడా ఎక్కింది. సెలవులకి ముందు ఆఫీసుల్లో జరిగేది వేరు. పెద్దవాళ్ళని వరుసగా కుర్చీల్లో కూర్చోబెడతారు, చిన్నవాళ్ళు మోకాళ్ళ మీద వచ్చి మల్లెలు వేసిన నీళ్ళు వాళ్ళ అరచేతుల్లో పోస్తారు, పెద్దవాళ్ళు దీవిస్తారు. మా బడిలో ఒక అమెరికన్ సారు ఉన్నారు, రిటైరై వచ్చారు, ఆయన్నీ కూర్చోబెట్టారు. మొదట్లో నాకెందుకు అని లేవబోయారు. ఐదో క్లాసు పిల్లలు వరుసగా వచ్చి నీళ్ళు పోస్తుంటే ఆయన ఒక్కొక్కళ్ళనీ పేరు పెట్టి పిలిచి ఇంగ్లీషులోనే దీవించారు.

పాత_కాపు:
కాంచనబురి వెళ్తున్నారు కాబట్టి ఒక విషయం చెప్పాలి. టెక్సాస్ వాళ్ళు కదా, ఇది మీకు సంబంధించిందే. తెప్పల మీద పాటలకి ముందు ఒక గంట టైం తీసి వార్ సిమెట్రీకీ (యుద్ధ ఖైదీల సమాధులున్న చోటు), దాని పక్కనే ఉన్న థాయ్‌లాండ్-బర్మా రైల్వే సెంటర్ మ్యూజియానికీ వెళ్ళండి. రెండో ప్రపంచ యుద్ధంలో, 1942, 43లో జపాన్ వాళ్ళు థాయ్‌లాండ్ నుంచి బర్మాకి 415 కిలోమీటర్ల రైలు దారి వేయించారు. 12 వేలకి పైగా యుద్ధ ఖైదీలు చచ్చిపోయారు. అందులో అమెరికన్లు కూడా ఉన్నారు. 1942 మార్చి 1న మునిగిపోయిన హ్యూస్టన్ అనే అమెరికా యుద్ధనౌకలో బతికి బయటపడ్డవాళ్ళు, జావాలో పట్టుబడ్డ టెక్సాస్ నేషనల్ గార్డ్ ఫిరంగి దళం, వీళ్ళని ఆ పనికే తోలారు. ఏమయ్యారో ఇంటివాళ్ళకి చాలాకాలం తెలియక వాళ్ళకి లాస్ట్ బెటాలియన్ అనే పేరు పడింది. యుద్ధమయ్యాక అమెరికన్ల శవాల్ని వాళ్ళ దేశం తీసుకెళ్ళిపోయింది, అందుకే సిమెట్రీలో బ్రిటిష్, ఆస్ట్రేలియా, డచ్ వాళ్ళ రాళ్ళే కనిపిస్తాయి.

ఇక మనవాళ్ళ సంగతి. మలయా (ఇప్పటి మలేషియా) రబ్బరు తోటల్లోంచి తమిళ కూలీల్నీ, వాళ్ళతో పాటు తెలుగు కూలీల్నీ మంచి కూలి ఇస్తామని చెప్పి రైళ్ళలో ఎక్కించి తెచ్చారు. ఆసియా కూలీల్లో పదుల వేల మంది పోయారు, కలరా వస్తే క్యాంపులకి క్యాంపులే ఖాళీ అయ్యాయి. ఖైదీలకి పేరుతో రాళ్ళున్నాయి, వీళ్ళకి లేవు. అటు టెక్సాస్ వాళ్ళూ ఇటు మన విజయనగరం, శ్రీకాకుళం వైపు నుంచి వలసపోయిన కుటుంబాల వాళ్ళూ ఒకే దారి మీద రాళ్ళు మోసి ఉంటారు. మీరు ఇద్దరికీ బంధువే. ఒహాయో ఆయనకి ఈ సంగతి చెప్పి పిలవండి, వస్తాడు. మీ థాయ్ కొలీగ్స్‌లో కూడా చాలామందికి అక్కడ పాటలూ తెప్పలే తెలుసు.

చోన్‌బురి_శీను:
పాత కాపు గారూ, నేను నాలుగు కిలోమీటర్ల దూరంలో రాత్రంతా పాటలు పాడి వచ్చాను గానీ ఇది ఎవరూ చెప్పలేదండీ. ఈసారి వెళ్తా.

డాలస్_రాజు:
ఇది చదివాక నా అభిప్రాయం పూర్తిగా మారలేదు గానీ ఒకటి ఒప్పుకుంటా, ఇలాంటి చోటికి కలిసి వెళ్ళడం బౌలింగ్‌తో పోల్చేది కాదు. ఏమైందో రాయండి.

ఫ్రిస్కో_టు_బ్యాంకాక్:
వెళ్ళొచ్చాం. పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

లక్ష్మి గారు చెప్పినట్టే ఒహాయో ఆయన్ని కార్లో భార్యనీ పిల్లల్నీ తీసుకుని రమ్మన్నాను, ఒక్క శనివారమే అన్నాను. పాత కాపు గారి పోస్టు ఇంగ్లీషులో చెప్పాను. వచ్చాడు. వెల్ఫేర్ కమిటీకి నేనే వెళ్ళి సిమెట్రీకి గంట అడిగితే గంటన్నర ఇచ్చారు, నడివయసు సూపర్‌వైజర్ ఒకాయన తన తాత ఖైదీలకి రహస్యంగా అరటిపళ్ళు ఇచ్చేవాడని ఇంట్లో చెప్పుకునేవారని అన్నాడు, అంతకు ముందు ఎప్పుడూ ఆఫీసులో ఎత్తలేదు ఆ మాట. మ్యూజియంలో ఒహాయో ఆయన, ఆ సూపర్‌వైజర్ ఇద్దరూ రైలు దారి నమూనా ముందు నిలబడి చాలాసేపు మాట్లాడుకున్నారు, మధ్యలో ప్లానింగ్ అమ్మాయి ఇంగ్లీషు అందించింది.

సాయంత్రం తెప్ప ఎక్కాం. వెదురు చాపల గదులు, పైన రేకు, మధ్యలో హాలు, దాన్ని ఒక పడవ నది మీద మెల్లగా లాక్కెళ్తుంది. లైఫ్ జాకెట్లు వేసుకుని దాదాపు అందరూ టీషర్టులూ నిక్కర్లతోనే నీళ్ళలో దూకి తాడు పట్టుకుని తేలుతూ వచ్చారు. ఒహాయో ఆయన చిన్నకూతుర్ని ప్యాకింగ్ అమ్మాయిలు తీసుకెళ్ళి మొహానికి పౌడర్ పూసి, తల దువ్వి, రెండు జడలు వేసి తెచ్చారు. ఆట ఒకటి పెట్టారు, పళ్ళెంలో పిండి పోసి అందులో చాక్లెట్ దాచి చేతులు కట్టుకుని ఊది తీయాలి, ఎండీ మొహం తెల్లగా అయ్యేసరికి పిల్లలు కిందపడి నవ్వారు. టీచరమ్మ గారి మాట ప్రకారం నాకు వేరే పొయ్యి వచ్చింది, ఒహాయో ఆయన భార్య కూడా పంది తినదట, ఇద్దరం ఆ పొయ్యి ఖాళీ చేశాం. చివర్లో ఆయన్ని పాడమన్నారు, పాత కంట్రీ పాట ఒకటి పాడాడు, సగం మందికి అది వచ్చు, కోరస్ అందుకున్నారు. రాత్రి తొమ్మిదికి పిల్లలు నిద్రపోయారని ఫ్యామిలీతో వెళ్ళిపోయాడు, ఒడ్డు దాకా వచ్చి సాగనంపారు.

ఆఫీసులో ఇప్పుడు ఆయనకి కూడా లైన్‌లో గుడ్ మార్నింగ్ బొమ్మలు వస్తున్నాయి, వారాన్ని బట్టి రంగు, సోమవారం పసుపు, మంగళవారం గులాబీ. షిప్‌మెంట్ కబుర్లు కూడా.

సుఖుంవిత్_లక్ష్మి:
చాలా సంతోషం. వచ్చేటప్పుడు ఏం కొన్నారు? రానివాళ్ళకి ఏదో ఒకటి తేకుండా ఆఫీసులో అడుగు పెట్టారా?

ఫ్రిస్కో_టు_బ్యాంకాక్:
ఎందుకు తేను, బస్సు ఆగిందే అందుకు. ఒక పెద్ద మిఠాయి షాపు దగ్గర ఆపితే ముప్పావు గంట కదల్లేదు. సెక్యూరిటీ వాళ్ళకీ, ఆ వారం లీవులో ఉన్న రిసెప్షన్ ఆవిడకీ కూడా డబ్బాలు కట్టించారు. నేను మూడు డబ్బాలు తెచ్చాను, మధ్యాహ్నానికి అయిపోయాయి.

వరంగల్_పోరడు:
అన్నా, ఇదంతా సేవ్ చేస్కున్న. న్యూ ఇయర్ పార్టీల గిఫ్టులు మార్చుకునుడు ఉంటదట గదా, ఎంతల కొనాలె?

సుఖుంవిత్_లక్ష్మి:
కనీసం ఇంత అని కమిటీ ముందే రేటు చెప్తుంది తమ్ముడూ, దానికి కొంచెం పైన కొను, తక్కువ కొనకు. చీటీ తీసి ఎవరిది ఎవరికి వస్తే వాళ్ళకి, కాబట్టి మగాళ్ళకైనా ఆడవాళ్ళకైనా పనికొచ్చేది చూడు. మా దగ్గర ఎప్పుడూ అందరూ కళ్ళేసేది ఫ్యాను, రైస్ కుక్కర్ మీదే. పార్టీకి డ్రెస్ థీమ్ కూడా ఉంటుంది, అది నవంబర్‌లోనే అడిగి తెలుసుకో, చివరి వారంలో కుట్టేవాళ్ళు దొరకరు.